విమల పాడిన చోటు

చర్లలో మా చెల్లెలు విమల భూస్థాపన ముగించుకుని కొత్తగూడెం తిరిగొచ్చి వారం కూడా కాలేదు, ఖమ్మం నుంచి నా కూతురు సుధ తన పాపను వెంటబెట్టుకుని వచ్చింది. ఒక్కదాన్నే ఉంటే దిగులు పెట్టుకుంటానని దానికి భయం. ఉన్నన్నాళ్ళూ నా పక్కనే తిరిగింది, వంట తనే చేసింది, చిన్నమ్మ సంగతి నేనెత్తితే విన్నది, ఎత్తకపోతే ఊరుకుంది. వెళ్ళే రోజు పొద్దున టీ తాగుతూ, నా మనసు మళ్ళించడానికో, నిజంగానే తేల్చుకోలేకనో, ఒక మాట అడిగింది. పాపకు ఐదేళ్ళు నిండాయి, సంగీతం నేర్పిద్దామనుకుంటున్నారట. వాళ్ళ కాలనీలోనే ఒక హాలులో పిల్లలందరినీ కూర్చోబెట్టి నేర్పే క్లాసు ఉంది. ఇంటికి వచ్చి నేర్పే టీచరు కూడా దొరికింది. "గుంపుల అయితే ఒక్కొక్కరిని ఎవరు పట్టించుకుంటరమ్మా? ఇంటికొస్తే దీని మీదనే ధ్యాస ఉంటది. కానీ ఒక్కతే కూసొని నేర్చుకోవాల్నంటే దీనికి విసుగొస్తదేమో. నువ్వు టీచర్‌గ చేసినవు గదా, ఏది మంచిదో నువ్వే చెప్పు" అంది.

బడిలో పని చేసినన్నాళ్ళూ ఇలాంటివి ఎంతోమంది తల్లులు అడిగారు. ఏదో ఒక జవాబు చెప్పి పంపేదాన్ని. ఆ పొద్దున మాత్రం టీ గ్లాసు పక్కన పెట్టేశాను. సుధ అడిగిన ప్రశ్నే చాలా ఏళ్ళ కిందట మా ఇంట్లో పుట్టింది. అది ఒక పిల్ల బతుకంతా పట్టుకుని కూర్చుంది. ఆ పిల్లనే నేను అప్పుడే మట్టిలో పెట్టి వచ్చాను.

అప్పుడు మేము చండ్రుగొండలో ఉండేవాళ్ళం. మా నాయిన సర్కారు దవాఖానాలో కంపౌండరు. దవాఖానా వెనకాలే మా ఇల్లు, రెండు గదులు, ముందొక వసారా. నాయిన ఇంట్లోకి అడుగుపెట్టకముందే ఆయన వెంట స్పిరిటు వాసన వచ్చేది. వేన్నీళ్ళతో చేతులు మోచేతుల దాకా కడుక్కుంటే తప్ప అమ్మ మమ్మల్ని ఆయన దగ్గరికి పోనిచ్చేది కాదు. నాకంటే ముందు పుట్టిన ఇద్దరు పిల్లలు జ్వరాలతో పోయారట. అందుకే అమ్మకు ప్రతిదీ భయమే. కుండల మీద మూతలు, మా తలల మీద గుడ్డలు, వాన వస్తే కిటికీలకు గోనెపట్టాలు. నాయనమ్మ అందుకు పూర్తిగా వ్యతిరేకం. వసారాలో కాళ్ళు చాపుకుని చుట్ట కాల్చుకుంటూ లోకమంతా తనదే అన్నట్టు ఉండేది. పాస్టరు గారు వీధి మలుపు తిరగడం చూస్తే మాత్రం చుట్ట ఆర్పి కొంగు కిందికి తోసేది. ఆయన కూర్చున్నంతసేపూ ఆమె చీరలోంచి పొగాకు కంపు వస్తూనే ఉండేది. ఆయన కూడా ఏమీ తెలియనట్టే ప్రార్థన చేసి వెళ్ళేవాడు. మాఘం దాటితే అడవి వైపు నుంచి ఇప్పపూల వాసన ఊళ్ళోకి వచ్చేది, తియ్యగా, కొంచెం మత్తుగా. ఇప్పటికీ నా చిన్నతనమంటే నాకు ముందు తగిలేవి ఈ మూడు వాసనలే.

విమల నాకంటే రెండేళ్ళు చిన్నది. దానికి నత్తి. నాతో పెరట్లో ఆడుకునేటప్పుడు అంతగా ఉండేది కాదు. బయటివాళ్ళెవరైనా అడిగితే చాలు, మొదటి అక్షరం దగ్గర గొంతు మూసుకుపోయేది. అన్నిటికంటే దాని పేరు దగ్గరే ఎక్కువ. "వి... వి..." అంటూ గడ్డం పైకి లేపి, కళ్ళు గట్టిగా మూసుకునేది. అమ్మ పక్కన ఉంటే ఆ కష్టం చూడలేక తనే మాట అందించేది. అట్లా దాని మాటల్లో సగం అమ్మ నోట్లోంచే వచ్చేవి.

మా ప్రార్థన మందిరంలో శనివారం మధ్యాహ్నాలు పాస్టరు గారి భార్య పిల్లలకు పాటలు నేర్పేది. అందరూ ఆమెను అమ్మగారు అనేవాళ్ళు. కృష్ణా జిల్లా నుంచి కాపురానికి వచ్చిన మనిషి, ఆమె మాటలో ఆ వైపు యాస ఉండేది. చాపల మీద పిల్లలు గుంపుగా కూర్చునేవాళ్ళు. కొబ్బరినూనె తలలు, చెమట, గోడలకు కొత్తగా వేసిన సున్నం, అన్నీ కలిసి ఒక వాసన. మమ్మల్ని ఇద్దరినీ పంపారు. మొదటి రోజు అమ్మగారు, సంగతి తెలియక, కొత్తగా వచ్చిన పిల్లలందరినీ లేచి పేర్లు చెప్పమంది. విమల లేచింది. గడ్డం పైకెత్తింది. వెనకనుంచి ఎవరో పిల్ల అచ్చం దాని లాగే "వి... వి..." అంది. హాలంతా నవ్వింది. అమ్మగారు గద్దించేలోపే విమల చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరుగెత్తింది. ఆ రోజు అన్నం ముట్టలేదు. అమ్మ కూడా ముట్టలేదు. ఇక ఆ పిల్లను గుంపులోకి పంపేది లేదని, పాట నేర్పించాలంటే ఇంట్లోనే నేర్పిద్దామని అమ్మ తేల్చేసింది. నేను మాత్రం మందిరానికే పోతుండాలి.

నాయిన వెతికి ఒక సారును కుదిర్చాడు. ఒకప్పుడు నాటకాలకు హార్మోనియం వాయించినాయన. కొత్తగూడెం నుంచి గురువారం సాయంత్రం బస్సులో వచ్చేవాడు. మేము ఆయన్ను పెట్టె సారు అనేవాళ్ళం. ఆయన్ను గురించి చెడ్డగా చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట లేదు. ఆయాసం మనిషి, కోపం లేని మనిషి. విమల కోసం చొక్కా జేబులో పిప్పరమెంట్లు తెచ్చేవాడు. కానీ ఆయన నాటకాల నుంచి వచ్చినవాడు. పాటలో మాట స్పష్టంగా ఉండాలని పట్టుదల. ముందు చరణం పలకాలి, తరువాతే పాడాలి. పలకడం సరిగ్గా వస్తే పాట దానంతటదే వస్తుందనేవాడు. ఎంతోమందికి అది నిజమే అయి ఉంటుంది. మా విమలకు ఆ మొదటి మెట్టే ఎక్కడం రాలేదు. ముందు గదిలో తలుపు దగ్గరికి వేసి సారు, విమల ఎదురెదురుగా కూర్చునేవాళ్ళు. గడప అవతల అమ్మ కూరగాయలు ముందేసుకుని కూర్చునేది. సారు హార్మోనియం తిత్తి మీద చేయి ఆపి ఓపిగ్గా ఎదురుచూసేవాడు. విమల గొంతు బిగుసుకునేది. నేను వసారాలో నాయనమ్మ పక్కన కూర్చుని ఆ నిశ్శబ్దాన్ని వినేదాన్ని. ఆయన కసురుకున్నా బాగుండేదేమో. ఆయన మంచితనంతో ఎదురుచూసినకొద్దీ ఆ గది మరింత నిశ్శబ్దమయ్యేది. గురువారం వస్తోందంటే బుధవారమే దానికి కడుపునొప్పి లేచేది.

మందిరంలో నా సంగతి ఇంకో రకం. నాకు శ్రుతి అంటే ఏమిటో తెలియదు. అంతమంది గొంతుల మధ్య నా గొంతు ఎటు పోతుందో ఎవరికీ వినపడేది కాదు, నాకు కూడా. పెద్దగా అరిచి, పాడుతున్నాననుకుని ఇంటికొచ్చేదాన్ని.

ఒక శనివారం ఉన్నట్టుండి వాన పట్టుకుంది. అమ్మ విమల చేతికి గొడుగిచ్చి నా కోసం పంపింది. అది తలుపు దగ్గరే నిలబడిపోయింది. అమ్మగారు దాన్ని చూసింది. పలకరించలేదు, పేరెత్తలేదు. చేత్తో సైగ చేసి పిల్లల మధ్య చోటు చూపించి, పాట మధ్యలో ఆపకుండా పాడుతూనే ఉంది. వాన రేకుల మీద హోరుమంటోంది. విమల నా పక్కకొచ్చి కూర్చుంది. కాసేపటికి నా చెవి పక్కన ఒక సన్నని గొంతు వినపడింది. ఎక్కడా తడబడకుండా, మాట మీద మాట, నీళ్ళు పోతున్నట్టు పోతోంది. నేను పాడటం ఆపి దాని మొహం వైపు చూశాను. గడ్డం పైకి లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మగారు కూడా విన్నది. ఆ రోజు వాన తగ్గినా క్లాసు చాలాసేపు నడిపింది.

మర్నాడు ఆరాధన అయ్యాక అమ్మగారు మా ఇంటికి వచ్చింది. విమలను తన దగ్గరికి పంపమంది. అమ్మ ఒప్పుకోలేదు. "నవ్వుతరమ్మగారు. ఒకసారి నవ్విన్రు, చాలు. పిల్లది ఇంకా అది మరవలే" అంది.

"నవ్వేవాళ్ళ సంగతి నేను చూసుకుంటాను కరుణమ్మా. దాన్ని ఒక్కదాన్నీ నిలబెట్టి ఏమీ అడగను. అందరితో కూర్చుంటుంది, అందరితో పాడుతుంది. అంతే" అంది అమ్మగారు.

వసారాలోంచి నాయనమ్మ అందుకుంది. "పంపవే. ఇంట్ల కూసోబెట్టినకాడి నుంచి పిల్ల నోరు ఇంకింత బిగుసుకపోతంది. నీకు కనపడ్తలేదా?"

అమ్మకు కనపడుతూనే ఉంది. ఒప్పుకుంది. గురువారం పెట్టె సారు వస్తే నాయిన మొహమాటపడుతూ సంగతి చెప్పాడు. ఆయన చిన్నబుచ్చుకోలేదు. వచ్చినవాడిని ఎందుకు ఊరికే పోవాలి, పెద్దమ్మాయిని కూర్చోబెట్టండి అన్నాడు. నన్ను కూర్చోబెట్టారు. ఒక్క స్వరం పట్టుకోవడానికి నాకు ఎన్నో గురువారాలు పట్టింది. తలుపు దగ్గరికేసి ఉన్న ఆ గదిలో, నా గొంతు తప్ప ఇంకో గొంతు లేనిచోట, నేను ఎంత పక్కకు పోతున్నానో మొదటిసారి నాకే వినపడింది. ఆయన పెట్టె మీద ఆ స్వరం నొక్కి పట్టుకునేవాడు, నేను వెతుక్కుంటూ వెతుక్కుంటూ దాని దగ్గరికి చేరేదాన్ని. ఈనాటికీ ఆరాధనలో నేను శ్రుతి తప్పకుండా పాడుతున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష.

అట్లా కొన్నాళ్ళు ఎవరు ఉండాల్సిన చోట వాళ్ళం ఉన్నాం. శనివారం మందిరం నుంచి ఇంటికి వచ్చే దారిలో విమల మాట్లాడేది. పాట ఆగాక కూడా ఆ ఊపు కొంతసేపు దాని గొంతులో ఉండేదేమో, దవాఖానా గేటు దాకా గలగలా చెప్పుకుంటూ వచ్చేది. అమ్మగారి పిల్లి సంగతి, చాప మీద చీమల సంగతి, ఏదైనా సరే. గేటు దాటి ఇంట్లోకి రాగానే తగ్గిపోయేది. క్రిస్మస్ రాత్రి పిల్లల వరసలో మధ్యన నిలబడి పాడింది. అమ్మ ముందు వరసలో కూర్చుని, పాట అయిపోయేదాకా కొంగు నోటికి అడ్డం పెట్టుకునే ఉంది.

ఎండాకాలంలో నాయినకు చర్లకు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చింది. భద్రాచలం దాటి, గోదావరి వెంట ఇంకా పైకి, అడవిలోకి. ఆ రోజుల్లో అక్కడికి బస్సు ఉన్న రోజు ఉండేది, లేని రోజు లేదు. సామాన్లు కడుతుంటే అమ్మగారు మళ్ళీ వచ్చింది. విమలను తన దగ్గర ఉంచి వెళ్ళమంది. పిల్లలు లేని ఇల్లు, బడి పక్కనే ఉంది, సెలవులకు పంపిస్తానంది. నాయిన అమ్మ వైపు చూశాడు. ఆయనకు ఇష్టమేనని నాకనిపించింది.

అమ్మ కట్టిన మూట విప్పి మళ్ళీ కడుతూ అంది, "మాట సరిగ్గ రాని పిల్లను ఇంకొకరింట్ల ఎట్ల ఇడిచిపెట్టాలె అమ్మగారూ? కడుపునొస్తే నొస్తందని చెప్పుకోను గూడ రాదు."

"దాన్నే అడుగుదాం" అంది అమ్మగారు. విమలను దగ్గరికి పిలిచి, "ఉంటావా తల్లీ నా దగ్గర?" అని అడిగింది.

అందరం దాని వైపు చూశాం. అమ్మ, నాయిన, నాయనమ్మ, అమ్మగారు, నేను. అది గడ్డం పైకెత్తింది. "ఉం..." అంది. మళ్ళీ "ఉం..." అంది. మెడ నరాలు ఉబ్బాయి. ఉంట అనబోయినా, ఉండను అనబోయినా మొదట వచ్చేది ఆ అక్షరమే. నాయనమ్మ చుట్ట పక్కన పెట్టి ముందుకు వంగింది. ఇంకొంచెంసేపు ఆగి ఉంటే ఆ మాట బయటికి వచ్చేదేమో. అమ్మ ఆగలేకపోయింది. లేచి వచ్చి పిల్లను కడుపుకు హత్తుకుంది. "చూసిన్రా? ఉండనంటంది. నా బిడ్డ నాతోటే ఉంటది" అంది. విమల అమ్మ చీరలో మొహం దాచుకుంది. అమ్మగారు దాని తల నిమిరి వెళ్ళిపోయింది.

చర్లలో మా ఇంటి ముందు తునికాకు కట్టలు ఎండబెట్టేవాళ్ళు. మేము చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఆ కట్టల పక్కన నీడలో కూర్చుని ఉంటే, నేను అడగకుండానే విమల అంది, "ఉంట అందామనుకున్ననక్కా." నాతో కాబట్టి మాట సులువుగానే వచ్చింది. నేను అప్పుడే లోపలికి పోయి అమ్మతో చెప్పాను. అమ్మ పిండి కలుపుతోంది. చెయ్యి ఆగిపోయింది. ఆ రాత్రి నాయినతో మాట్లాడి చండ్రుగొండకు కబురు పెట్టించింది. కబురు తీసుకుపోయిన మనిషి తిరిగొచ్చి, పాస్టరు గారికి కూడా బదిలీ అయిందని, వాళ్ళు కోస్తా వైపు ఏదో ఊరికి వెళ్ళిపోయారని చెప్పాడు. అమ్మ ఇంకెవరినైనా వెతకమంది. అప్పట్లో ఆ ఊళ్ళో పిల్లలను చేర్చి పాట నేర్పేవాళ్ళు లేరు, ఇంటికొచ్చి నేర్పేవాళ్ళు అసలే లేరు. ఆదివారం ఎవరింట్లోనో పదిమంది పెద్దవాళ్ళు చేరి ప్రార్థన చేసుకునేవాళ్ళు. విమల ఒక మూల కూర్చునేది. మెల్లగా పెదవులు కదపడం కూడా మానేసింది.

తరువాతి సంగతులు చెప్పడానికి ఎక్కువ లేవు. నన్ను ఖమ్మం హాస్టల్లో వేశారు, చదువుకున్నాను, ఉద్యోగం వచ్చింది, పెళ్ళయింది. విమల ఏడో తరగతితో బడి ఆపేసింది. పాఠం నిలబడి చదవమంటారని. సంబంధానికి వచ్చినవాళ్ళు పిల్లను మాట్లాడించమనేవాళ్ళు. అంతటితో ఆగిపోయేది. నాయనమ్మ పోయింది, నాయిన పోయాడు. అడవి ఊళ్ళవాళ్ళు నాయినను సొంత డాక్టరులా చూసుకున్నారు కాబట్టి రిటైరయ్యాక కూడా అక్కడే స్థిరపడ్డాడు. ఆయన తరువాత విమల ఆడపిల్లల ఆశ్రమ హాస్టల్లో వంటకు కుదిరింది. పొద్దున, రాత్రి హాస్టల్లో వంట, మిగతా పొద్దంతా అమ్మ. అమ్మకు స్నానం చేయించేది, తల దువ్వేది, అన్నం కలిపి తినిపించేది. నేను సెలవులకు పోతే ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు కూర్చుని చింతకాయలు ఒలుస్తూ, ఒక్క మాట లేకుండా పూట గడిపేవాళ్ళు. ఇద్దరినీ నాతో వచ్చి ఉండమని చాలాసార్లు అడిగాను. విమల తల అడ్డంగా ఊపేది. అమ్మ దాని వైపు చూసి ఊరుకునేది.

అమ్మ పోయాక కూడా విమల చర్లలోనే ఉండిపోయింది. ఈ వానాకాలం దానికి జ్వరం వచ్చింది. జ్వరమే కదా అని మాత్రలు వేసుకుని వంటకు పోయిందట. భద్రాచలం దవాఖానాకు తెచ్చేసరికి ఆలస్యమైంది. నేను వెళ్ళేసరికి స్పృహ లేదు. ఎంతసేపు చేయి పట్టుకుని కూర్చున్నా ఆ చేతిలో ఏ కదలికా లేదు. శవాన్ని చర్లకు తీసుకెళ్తుంటే దారిలో క్యాంపు దగ్గర పోలీసులు బండి ఆపి, లోపలికి చూసి, టోపీ తీసి పొమ్మన్నారు.

హాస్టలు పిల్లలు వరసగా నడిచి వచ్చారు. కోయ ఊళ్ళ నుంచి వచ్చి చదువుకుంటున్న ఆడపిల్లలు. వాళ్ళలో కాస్త పెద్దపిల్ల నా దగ్గర నిలబడింది. ఏదో ఒకటి మాట్లాడాలని, విమల మీతో మాట్లాడేదా అని అడిగాను. "మాట్లాడకపోయేది. పాడేది" అంది ఆ పిల్ల. నాకు అర్థం కాలేదు. పొద్దుగూకిన తరువాత పిల్లలందరూ కూడి పాడుకుంటారట, ప్రార్థన పాటలు, వాళ్ళ ఊరి పాటలు, వాళ్ళ భాషలో. విమల వంటగదిలోంచి గొంతు కలిపేదట. ఆమెకు ఆ పాటలన్నీ వచ్చునట. "మేము ఆపితే ఆమె గూడ ఆపేది" అంది ఆ పిల్ల, అదేమీ విశేషం కాదన్నట్టు. ఇన్నేళ్ళలో నాకు ఈ సంగతి తెలియదు. అక్కడ అంతమంది ముందు ఏడ్వలేక సమాధి అవతలి వైపుకు పోయి నిలబడ్డాను.

ఇవన్నీ ఆ పొద్దున సుధకు చెప్పాను. అది కళ్ళు తుడుచుకుని, అయితే గుంపులోకే పంపుతానంది. నేను వద్దనలేదు, సరేననలేదు. గుంపులో ఉండి నేనేమీ నేర్చుకోలేదని కూడా చెప్పాను కదా. కొన్నాళ్ళకు ఫోన్ చేసింది. పాప ఆ హాలులో నోరు తెరవడం లేదట, అంతమందిని చూసి బిక్కచచ్చి కూర్చుంటోందట. మానిపించి ఇంటికి టీచర్ని పెట్టారు. ఇప్పుడు హాయిగా పాడుతోంది. ఫోన్‌లో నాకూ వినిపించింది. గొంతు బాగుంది, నిలకడగా ఉంది. విని సంతోషపడ్డాను. సంతోషపడుతూనే ఒక సంగతి గుండెలో కలుక్కుమంది. ఇది కుదరకపోతే అది, అది కుదరకపోతే ఇంకోటి. ఇప్పటి తల్లి నెల తిరక్కుండా మార్చుకోగలదు. మా అమ్మ కూడా మార్చాలనే చూసింది, తప్పు తెలిసిన రోజే కబురు పంపింది. ఆ కబురు చేరేలోపే అక్కడి తలుపు మూసుకుపోయింది, రెండో తలుపు లేని ఊళ్ళో మేమున్నాం.

అమ్మను నేను తప్పుపట్టలేను. ఇద్దరిని పోగొట్టుకున్న మనిషి, మాట రాని పిల్లను దగ్గర పెట్టుకోవాలనుకుంది. పెట్టుకుంది. తను కన్ను మూసేదాకా విమల చేతుల్లోనే ఉంది. అంత దగ్గరగా ఉండి కూడా, చండ్రుగొండ వదిలిన తరువాత అమ్మ దాని పాట ఒక్కసారి కూడా వినలేదు.